ద్విబంధానికి ఇరుగుపొరుగు: థయోల్ ఎవరిని పట్టుకుంటుంది, ఎవరిని వదిలేస్తుంది

మూడు పరీక్షనాళికలు తీసుకుందాం. మూడింట్లోనూ పీహెచ్ 7.4 దగ్గర ఉంచిన ఒకే బఫరు, ఒకే కొలతలో గ్లూటథయోన్, అంటే మన కణాల్లో ఉండే ఒక చిన్న థయోల్ (గంధకానికి హైడ్రోజన్ తగిలి ఉన్న అణువు). మొదటిదాంట్లో మీథైల్ ఎక్రిలేట్, రెండోదాంట్లో మీథైల్ క్రోటొనేట్, మూడోదాంట్లో మీథైల్ మీథాక్రిలేట్ 10 మిల్లీమోలార్ చొప్పున కలిపి గంటసేపు వదిలేద్దాం. తర్వాత ఒక్కోదాంట్లోంచి కొంచెం తీసి ఎల్మన్ రీయేజెంట్‌లో వేయాలి. జార్జ్ ఎల్మన్ 1959లో ప్రచురించిన ఈ పరీక్షలో దాపరికమేమీ లేదు. థయోల్ ఇంకా మిగిలి ఉంటే ద్రావణం పసుపుపచ్చగా తిరుగుతుంది, అయిపోయి ఉంటే రంగు రాదు.

మొదటి నాళికలోది దాదాపు నీళ్లలాగే ఉండిపోతుంది. రెండోది, మూడోది పసుపు నీళ్లు కలిపినంత పచ్చగా తేలతాయి. అంటే ఎక్రిలేట్ గంటలో థయోల్‌నంతా మింగేసింది, మిగతా రెండూ ఇంకా మొదలుపెట్టామా లేదా అన్నట్టున్నాయి. మూడు అణువులకీ తేడా ఏమిటంటే ఒక్క మీథైల్ గ్రూపు. ఒక కార్బన్, దానికి మూడు హైడ్రోజన్లు, అంతే. ఆవేశం లేదు, ఆమ్లం కాదు, క్షారం కాదు. క్రోటొనేట్‌లో అది ద్విబంధం చివర ఉంది, మీథాక్రిలేట్‌లో ద్విబంధం మొదట్లో, కార్బొనిల్‌ని (ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్‌ని) ఆనుకుని ఉంది. అంతమాత్రానికే వేగం వంద రెట్ల స్థాయిలో పడిపోతుంది.

మందుల కంపెనీలో సిస్టీన్‌ని (ప్రోటీన్లలో ఉండే, థయోల్ ఉన్న ఎమినో ఆమ్లాన్ని) పట్టుకునే అణువులు తయారుచేసేవాళ్లకి రోజూ ఎదురయ్యే లెక్క ఇదే. ఇదే లెక్క వంటింట్లోనూ, పొలం గట్టు మీదా, పంటి డాక్టరు దగ్గరా కూడా నడుస్తుంటుంది.

ముందు అసలు చర్య ఏమిటో చూద్దాం. కార్బొనిల్‌లోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు గుంజుకుంటుంది. పక్కనే కార్బన్-కార్బన్ ద్విబంధం వరసలో ఉంటే ఆ లోటు కార్బొనిల్ కార్బన్ దగ్గరే ఆగిపోదు, ద్విబంధం గుండా జారి అవతలి కొసన ఉన్న కార్బన్ మీద పడుతుంది. ఆ కొసనున్నది బీటా కార్బన్, మధ్యలోది ఆల్ఫా. ఎలక్ట్రాన్లు దండిగా ఉన్నవాడెవడైనా వస్తే ఈ బీటా కార్బన్ మీదే వాలతాడు. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ మైకేల్ 1887లో చూపించిన చర్య ఇలాంటిదే. ఆయన వాడిన న్యూక్లియోఫైల్, అంటే ఎలక్ట్రాన్లు దండిగా ఉన్నవాడు, కార్బన్. గంధకంతో చేస్తే థయా-మైకేల్ అంటారు.

గంధకమే ఎందుకు? మన కణాల్లో ఎమైన్లకీ నీళ్లకీ కొదవ లేదు, అయినా ఈ ద్విబంధాలు వెతుక్కుంటూ వెళ్లేది సిస్టీన్‌నే. 1963లో రాల్ఫ్ పియర్సన్ చెప్పిన కఠిన, మృదు విభజన ఇక్కడ బాగా కుదురుతుంది. ఎలక్ట్రాన్లు బిగుతుగా ఉన్నవి కఠినం, వదులుగా ఉన్నవి మృదువు; కఠినం కఠినంతో, మృదువు మృదువుతో జత కడుతుంది. గంధకం పెద్ద పరమాణువు, దాని బయటి ఎలక్ట్రాన్లు వదులుగా ఉంటాయి. ఎలక్ట్రాన్ల లోటు నాలుగు పరమాణువుల మీద పరుచుకుని ఉన్న ఈ సంయుగ్మ వ్యవస్థ కూడా మృదువైనదే. అందుకే రెండింటికీ జత కలుస్తుంది. పైగా పని చేసేది థయోల్ కాదు, హైడ్రోజన్ పోగొట్టుకున్న థయోలేట్. గ్లూటథయోన్ థయోల్ పీకేఏ, అంటే అందులో సగం హైడ్రోజన్ పోగొట్టుకుని ఉండే పీహెచ్, సుమారు 8.7. పీహెచ్ 7.4 దగ్గర అందులో నూటికి అయిదు పాళ్లే థయోలేట్ రూపంలో ఉంటుంది. ఆ అయిదు పాళ్లే చర్యనంతా నడిపిస్తుంది, ఖర్చయిన కొద్దీ మళ్లీ పుట్టుకొస్తుంది. ప్రయోగంలో పీహెచ్ కాస్త అటూఇటూ అయితే వేగం లెక్కలన్నీ తారుమారు కావడానికి కారణం ఇదే.

థయోలేట్ బీటా కార్బన్‌ని పట్టుకోగానే ద్విబంధం తెగి, ఆ ఎలక్ట్రాన్లు కార్బొనిల్ వైపు వెళ్లి ఎనోలేట్ అనే రుణావేశపు మధ్యంతర రూపం ఏర్పడుతుంది. చివరికి ఆల్ఫా కార్బన్ నీళ్ల దగ్గర ఒక ప్రోటాన్ తెచ్చుకుంటుంది, కథ ముగుస్తుంది. ప్రతిక్షేపకం (హైడ్రోజన్ స్థానంలో తగిలించిన గ్రూపు) ఏదైనా సరే, అది తలదూర్చగలిగేది ఈ దారిలోనే. మొదట్లో ద్విబంధాన్ని మరీ సుఖంగా ఉంచి కదలనీయకపోవచ్చు, బీటా కార్బన్‌కి అడ్డం నిలబడవచ్చు, లేదా మధ్యలో వచ్చే ఎనోలేట్‌కి ఆసరా ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు.

కార్బొనిల్‌కి అవతలి పక్క ఏముందన్నది మొట్టమొదటి తేడా. హైడ్రోజన్ ఉంటే ఆల్డిహైడ్, కార్బన్ ఉంటే కీటోన్. ఈ రెండింట్లోనూ కార్బొనిల్ ఆకలి తీర్చేవాళ్లు పెద్దగా లేరు, కాబట్టి ద్విబంధం నుంచే గుంజుతుంది. ఎస్టర్‌లో ఆక్సిజన్ తన ఒంటరి జంటని (బంధంలో చేరని ఎలక్ట్రాన్ల జతని) కార్బొనిల్‌కి అందిస్తుంది, ఆకలి కొంత తీరుతుంది. ఎమైడ్‌లో నైట్రోజన్ ఇంకా ధారాళంగా ఇస్తుంది. ఇక కార్బాక్సిలేట్ అయితే తనకే రుణావేశం ఉంది, ద్విబంధం మీద దాని లాగుడు దాదాపు లేనట్టే. అందుకే చురుకుదనం ఆల్డిహైడ్, కీటోన్, ఎస్టర్, ఎమైడ్, కార్బాక్సిలేట్ అనే వరసలో దిగుతూ పోతుంది.

ఈ నిచ్చెన పై మెట్టు మీదున్నది ఎక్రోలిన్. మూకుట్లో నూనె మరీ కాగి పొగ లేచినప్పుడు కళ్లు మండి నీళ్లు కారతాయే, ఆ మంటలో పెద్ద వాటా దీనిదే. నూనెలోని గ్లిజరాల్ నీటిని కోల్పోయి ఎక్రోలిన్ అవుతుంది. (ఎండుమిర్చి పోపు మాడినప్పుడు వచ్చే దగ్గు వేరే కథ, అది మిరపలోని కాప్సైసిన్ పని.) సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమోథెరపీ మందు శరీరంలో విడిపోయినప్పుడు కూడా ఎక్రోలిన్ పుడుతుంది, అది మూత్రాశయంలో చేరి లోపలి పొరని కాల్చి రక్తస్రావం తెస్తుంది. దానికి విరుగుడుగా ఇచ్చే మెస్నా ఒక చిన్న థయోల్. రక్తంలో తిరిగేటప్పుడు రెండేసి జతకట్టి నోరు మూసుకుని ఉంటుంది, మూత్రపిండాల్లో మళ్లీ థయోల్‌గా విడి ఎక్రోలిన్‌ని అక్కడికక్కడే పట్టేస్తుంది. ఈ వ్యాసంలోని రసాయన శాస్త్రమంతా ఒక ఇంజెక్షన్ సీసాలో పట్టిందన్నమాట.

ఎక్రోలిన్‌లో ఆల్డిహైడ్ తీసి ఆ చోట ఎమైడ్ పెడితే ఎక్రిలమైడ్. థయోల్‌తో దీని వేగం ఎక్రోలిన్ కన్నా వేల రెట్లు తక్కువ. నెమ్మదిగా ఉంది కాబట్టి మంచిదనుకుంటే పొరపాటు. ఎక్రోలిన్ తగిలిన చోటే ఖర్చయిపోతుంది. కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు దాటి లోపలికి వెళ్లేది తక్కువ. ఎక్రిలమైడ్ ఎవరినీ తొందరపడి పట్టుకోదు, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, నరాల దాకా చేరుతుంది. 1997లో స్వీడన్‌లోని హాలండ్సోస్ రైలు సొరంగంలో నీటి ఊటలు ఆపడానికి ఎక్రిలమైడ్ ఉన్న రసాయనం ఎక్కించారు. అది కారి వాగుల్లో కలిసింది. చేపలు చచ్చాయి, ఆ నీళ్లు తాగిన ఆవులకి కాళ్లు పడిపోయాయి. కార్మికుల రక్తంలో హీమోగ్లోబిన్‌కి అతుక్కున్న ఎక్రిలమైడ్‌ని కొలుస్తూ, పోలిక కోసం సొరంగంతో సంబంధం లేనివాళ్ల రక్తం కూడా చూశారు. వాళ్లలోనూ కొంత కనిపించింది! ఎక్కడిదా అని వెతుకుతూ పోతే చివరికి తేలింది బంగాళాదుంప వేపుళ్లు. 2002లో స్వీడన్ ఆహార శాఖ ఆ సంగతి ప్రకటించాకే ప్రపంచమంతా చిప్స్ ప్యాకెట్ల వైపు అనుమానంగా చూడడం మొదలైంది. ఒక అణువు ఎంత దూరం ప్రయాణించగలదన్నది అది ఎంత నెమ్మదైనదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. చర్యాశీలత పట్టికలు చదివేటప్పుడు ఈ మాట మరుపున పడుతుంటుంది.

నిచ్చెన కింది మెట్టుకి ఉదాహరణ మన ప్రతి కణంలోనూ ఉంది. కణాలు శక్తి తీసుకునే క్రెబ్స్ చక్రంలో వచ్చే ఫ్యూమరేట్ కూడా అసంతృప్త కార్బొనిలే (కార్బొనిల్ పక్కన ద్విబంధం ఉన్నదే), ద్విబంధానికి రెండు వైపులా కార్బాక్సిలేట్లు. చుట్టూ మిల్లీమోలార్ల కొద్దీ గ్లూటథయోన్ ఉన్నా రెండూ పక్కపక్కనే కాపురం చేస్తాయి. ఫ్యూమరేట్‌ని తినే ఎంజైము పాడైన కొన్ని కంతుల్లో మాత్రం అది పేరుకుపోయి, మెల్లగా సిస్టీన్లకి అతుక్కోవడం మొదలుపెడుతుంది.

ఇదే ఫ్యూమరేట్ రెండు చివర్లనీ మీథైల్ ఎస్టర్లుగా మార్చండి. డైమీథైల్ ఫ్యూమరేట్. 2007-08 ప్రాంతంలో యూరప్‌లో కొత్త సోఫాలు కొన్నవాళ్ల వీపుల మీద, తొడల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. రవాణాలో బూజు పట్టకుండా సోఫాల్లో పెట్టిన చిన్న సంచుల్లోంచి ఈ పదార్థం ఆవిరై, బట్టల గుండా చర్మానికి చేరింది. 2009లో యూరోపియన్ యూనియన్ దాన్ని వస్తువుల్లో నిషేధించింది. 2013లో అమెరికాలో అదే అణువుకి మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బుకి మందుగా అనుమతి వచ్చింది. కణంలో కీప్1 అనే ప్రోటీన్‌లోని సిస్టీన్లని పట్టుకుని రక్షణ యంత్రాంగాన్ని లేపడం ఆ మందు పనుల్లో ఒకటి. చర్మం మీద పడితే విషం, క్యాప్సూల్‌లో పెట్టి మింగిస్తే మందు. అణువు మారలేదు, దారి మారింది. ఇక్కడ చిన్న మెలిక ఒకటుంది. ఫ్యూమరేట్ ఎస్టర్‌కి సోదరుడైన మాలియేట్ ఎస్టర్‌లో రెండు ఎస్టర్లూ ఒకే పక్కన ఉంటాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి కాబట్టి ఒకటి పక్కకి మెలితిరుగుతుంది, ద్విబంధంతో వరస తప్పుతుంది. అందుకే థయోల్‌తో ఫ్యూమరేటే ముందు. అదే మాలియేట్ జతని ఒక వలయంలో బంధించి నైట్రోజన్‌తో కుడితే మాలిమైడ్ అవుతుంది. ఇక మెలితిరగడానికి చోటు లేదు, రెండు కార్బొనిళ్లూ తప్పనిసరిగా వరసలోనే నిలబడతాయి. అందుకే అది తటస్థ పీహెచ్ దగ్గరే చకచకా థయోల్‌ని కలుపుకుంటుంది.

మళ్లీ మన నాళికల దగ్గరకి. మీథైల్ ఎందుకంత దెబ్బ కొట్టింది?

క్రోటొనేట్‌లో అది థయోలేట్ వాలాల్సిన బీటా కార్బన్ మీదే కూర్చుంది. అడ్డం ఉండడం ఒక ఎత్తు. మీథైల్ తన బంధాల్లోని ఎలక్ట్రాన్లని కొంచెం ద్విబంధం వైపు వంచుతుంది, దీన్నే అతిసంయుగ్మం అంటారు. దాంతో ద్విబంధం స్థిరపడి కదలడానికి బద్ధకిస్తుంది, బీటా కార్బన్ మీది లోటూ కొంత పూడుతుంది. మీథాక్రిలేట్‌లో బీటా కార్బన్ ఖాళీగానే ఉంది, అడ్డం లేదు. కానీ ఆల్ఫా మీదున్న మీథైల్ కూడా ద్విబంధాన్ని స్థిరపరుస్తుంది, పైగా తర్వాత వచ్చే ఎనోలేట్‌కి ఎలక్ట్రాన్లని నెట్టి ఇబ్బంది పెడుతుంది. రుణావేశంతో కిటకిటలాడేచోట ఇంకా ఎలక్ట్రాన్లు ఇస్తానంటే ఎవరికి కావాలి?

పళ్ల సెట్లకి, ఎముకల సిమెంటుకి వాడేది మీథాక్రిలేట్. ఎక్రిలేట్‌కీ దీనికీ ఉన్న చురుకు తేడా చర్మం మీద కూడా కనిపిస్తుంది. అలాగని మీథాక్రిలేట్ అమాయకురాలేం కాదు. రోజూ చేత్తో ముట్టుకునే దంత సాంకేతిక నిపుణులకి, గోళ్ల జెల్ వేసేవాళ్లకి వేళ్ల మీద అలర్జీ రావడం తెలిసిన సంగతే. నెమ్మదైన చర్య అయినా పదేపదే జరిగితే లెక్క సరిపోతుంది.

శొంఠిని చూడండి. పచ్చి అల్లంలో ఘాటునిచ్చే జింజెరాల్‌లో కార్బొనిల్‌కి రెండు కార్బన్ల అవతల ఒక హైడ్రాక్సిల్ ఉంటుంది. ద్విబంధం లేదు కాబట్టి థయోల్‌కి దాంతో పని లేదు. ఎండబెట్టినప్పుడు, వేడి చేసినప్పుడు ఒక నీటి అణువు పోయి షోగోల్ అవుతుంది. జపాన్ భాషలో అల్లాన్ని షోగా అంటారు, పేరు అక్కడిది. ఇప్పుడది అసలైన అసంతృప్త కీటోన్. బీటా మీద ఒక పొడుగాటి ఆల్కైల్ తోక ఉంది కాబట్టి, క్రోటొనేట్ లెక్క ప్రకారం నెమ్మదించాలి. కానీ కార్బొనిల్ ఎస్టర్ కాదు, కీటోన్. ఒక చేత్తో పోయింది ఇంకో చేత్తో వచ్చింది. అందుకే షోగోల్ శరీరంలోకి వెళ్లాక గ్లూటథయోన్‌తో కలిసిన రూపాలే ఎక్కువగా కనిపిస్తాయి. అల్లం వేరు, శొంఠి వేరు అని మన పెద్దవాళ్లు రెండు పేర్లు పెట్టుకోవడంలో రసాయనపరంగా తప్పేమీ లేదు.

ఆల్ఫా మీద కార్బన్ ఉంటే నెమ్మదిస్తుందని ఇప్పుడే కదా చెప్పుకున్నాం. ఆ సూత్రం పట్టుకుని వయ్యారిభామ దగ్గరకి వెళ్తే చేతులు కాలతాయి. 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించిన ఈ కలుపు మొక్క ఇప్పుడు మన బీళ్లలో, రైలు పట్టాల పక్కన ఎక్కడ చూసినా తెల్లపూలతో నిలబడి ఉంటుంది. ఒట్టి చేతుల్తో పీకినవాళ్లకి దురద, పొక్కులు, చర్మం మందమై నల్లబడడం మామూలే. కారకుడు దాని నూగులో ఉండే పార్థెనిన్. అందులో ఒక లాక్టోన్ వలయం (వలయంగా మూసుకున్న ఎస్టర్), దాని ఆల్ఫా కార్బన్‌కి వెలుపల ద్విబంధంతో తగిలించిన మీథైలీన్, అంటే రెండు హైడ్రోజన్లున్న కార్బన్. కాగితం మీద చూస్తే ఇది మీథాక్రిలేట్‌కి దగ్గర చుట్టం, ఎస్టరే, ఆల్ఫా మీద కార్బన్ ఉన్నదే. కానీ థయోల్‌తో వేగంలో రెండింటికీ పోలికే లేదు, ఎక్రిలేట్‌కి దగ్గరగా వస్తుంది. తేడా అంతా వలయంలో ఉంది. మీథాక్రిలేట్‌లో కార్బొనిల్ ద్విబంధంతో వరసలో ఉండొచ్చు, తిరిగిపోవచ్చు, దాని ఇష్టం. లాక్టోన్‌లో ఎటూ కదల్లేదు, ద్విబంధంతో ఎప్పుడూ ఒకే తలంలో ఉంటుంది. బీటా కార్బన్ వలయం బయట ఖాళీగా, ఇద్దరు హైడ్రోజన్లతో ఎవరొస్తారా అన్నట్టు ఎదురుచూస్తుంటుంది. హాలండ్ పూలతోటల్లో పనివాళ్లకొచ్చే ట్యూలిప్ వేళ్ల జబ్బుకి కూడా ఇదే వలయం, ఇదే మీథైలీన్ కారణం. పార్థెనిన్ చర్మంలోని ప్రోటీన్లకి అతుక్కున్నాక రోగనిరోధక వ్యవస్థ ఆ ప్రోటీన్లని పరాయివిగా చూడడం మొదలుపెడుతుంది, అక్కణ్ణుంచి ప్రతి స్పర్శా ఒక దాడే.

బెంజీన్ వలయం పక్కన ఉంటే లెక్క కొంత సున్నితంగా మారుతుంది. 1937లో లూయీ హామెట్ ప్రతిక్షేపకాల లాగుడికి, నెట్టుడికి అంకెలిచ్చాడు. చాల్కోన్‌లో (రెండు కొసలా బెంజీన్ వలయాలున్న అసంతృప్త కీటోన్‌లో) బీటా వైపు వలయం మీద నైట్రో పెడితే థయోల్ వేగం పెరుగుతుంది, మీథాక్సీ పెడితే తగ్గుతుంది. వేల రెట్ల తేడాలు రావు, కొద్దికొద్దిగా సర్దుకోవచ్చు. మందుల రూపకర్తలకి కావాల్సింది సరిగ్గా ఇలాంటి చిన్న మెట్లే.

ఇంతవరకూ వేగం గురించే మాట్లాడుకున్నాం. ఎంత త్వరగా అతుక్కుంటుందన్నది ఒక ప్రశ్న, ఎంతకాలం అతుక్కుని ఉంటుందన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలిపేసి గందరగోళపడడం నేను పాఠ్యపుస్తకాల్లో కూడా చూశాను. వచ్చిన దారినే వెనక్కి పోవాలంటే ఆల్ఫా కార్బన్ మీది ప్రోటాన్‌ని మళ్లీ ఊడబెరికి, ఎనోలేట్ చేసి, థయోలేట్‌ని తన్ని పంపాలి. ఎక్రిలమైడ్ కలిసిన పదార్థంలో ఆ ప్రోటాన్ ఆమ్లత్వం బాగా తక్కువ, ఎవరూ ఊడబెరకరు. అందుకే అది శాశ్వతం.

ఎక్రిలమైడ్ ఆల్ఫా కార్బన్ మీద సయనో గ్రూపు (నైట్రోజన్‌తో త్రిబంధం ఉన్న కార్బన్) పెట్టండి. ఇప్పుడు ద్విబంధాన్ని లాగేవాళ్లు ఇద్దరు, కార్బొనిలూ సయనోయూ. థయోల్ చటుక్కున వచ్చి పడుతుంది. కానీ కలిశాక ఆల్ఫా ప్రోటాన్ రెండు లాగుళ్ల మధ్య ఇరుక్కుని తేలిగ్గా ఊడిపోయే స్థితిలో ఉంటుంది. కాబట్టి అంతే చటుక్కున విడిపోతుంది కూడా. చురుకు పెరిగితే బంధం గట్టిపడుతుందనుకునేవాళ్ల అంచనా ఇక్కడ తిరగబడుతుంది. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో జాక్ టాంటన్ బృందం ఈ తర్కంతోనే తిరిగి విడిపోగల మందుల దారి చూపించింది. ద్రావణాన్ని పలచన చేస్తే చాలు, కలిసినవి విడిపోయి మొదటి పదార్థం వెనక్కి వచ్చేస్తుంది. సరైన ప్రోటీన్ జేబులో దూరితే మాత్రం మిగతా అణువంతా అక్కడ ఒదిగి పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు నిలుస్తుంది. పొరపాటున వేరే సిస్టీన్‌కి తగిలితే ఊడి వచ్చేస్తుంది. తప్పు చేసినా దిద్దుకునే వెసులుబాటన్నమాట.

మరి శాశ్వతంగా అతుక్కునేవాటి సంగతి? రక్త క్యాన్సర్ మందు ఇబ్రుటినిబ్ 2013లో వచ్చింది, బీటీకే ఎంజైములో 481వ స్థానంలోని సిస్టీన్‌ని ఎక్రిలమైడ్‌తో పట్టుకుంటుంది. 2015లో వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు ఒసిమెర్టినిబ్ ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్‌లో 797వ సిస్టీన్‌ని పడుతుంది, అదీ ఎక్రిలమైడే. ఇంతమంది ఎక్రిలమైడ్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే అది నిచ్చెనలో దాదాపు అడుగున ఉంది కాబట్టి. కణమంతా గ్లూటథయోన్ నిండి ఉంటే ఎక్రోలిన్‌లాంటిది గమ్యం దాకా బతికి బట్టకట్టదు.

ల్యాబులో దీన్ని చూసే పద్ధతి మోటుగానే ఉంటుంది. చిన్న సీసాలో మందు, అయిదు మిల్లీమోలార్ గ్లూటథయోన్, 37 డిగ్రీలు. గంటకోసారి అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి కొంచెం ఎక్కించాలి. అసలు అణువు పీక్ తరుగుతూ ఉంటే, దాని బరువుకి 307 కలిసిన చోట కొత్త పీక్ మొలుస్తుంది. ఆ 307 గ్లూటథయోన్ బరువు. సగం కావడానికి కొన్ని నిమిషాలే పడితే ఆ అణువుని పక్కన పెట్టేస్తారు. రోజంతా కదలకపోయినా నిట్టూరుస్తారు, సిస్టీన్‌ని అసలు పట్టుకుంటుందో లేదో అని.

ఫ్లోరిన్ కథ ఈ సీసాల్లోనే ఆశ్చర్యపరుస్తుంది. క్యాన్సర్లలో మారిపోయే కేరాస్ ప్రోటీన్‌లో 12వ స్థానంలో మార్పుతో వచ్చిన సిస్టీన్‌ని పట్టుకునే సోటోరాసిబ్ 2021లో వచ్చింది, మామూలు ఎక్రిలమైడ్. 2022లో వచ్చిన అడాగ్రాసిబ్‌లో అదే చోట ఆల్ఫా మీద ఒక ఫ్లోరిన్. ఫ్లోరిన్ అంటే ఎలక్ట్రాన్ల దొంగ, కాబట్టి వేగం పెరగాలనే ఎవరైనా అంటారు. తగ్గింది! గ్లూటథయోన్‌కి దొరకకుండా రక్తంలో ఎక్కువసేపు నిలిచింది, దాన్ని ఎంచుకున్నదే అందుకు. బంధం గుండా లాగుతూనే ఫ్లోరిన్ తన ఒంటరి జంటలతో ఇటు నెడుతుంది కూడా. ఎనోలేట్ ఏర్పడేటప్పుడు ఆల్ఫా మీద చేరే రుణావేశానికీ ఆ జంటలకీ పడదు. సయనో పెట్టినచోటే ఫ్లోరిన్ పెడితే ఫలితం తలకిందులు కావడానికి ఇదే కారణం. లాగుడు ఎంత అని మాత్రమే చూసి ఊరుకుంటే ఇలాంటి చోట బోల్తా పడతాం, ఏ దారిన లాగుతోందో చూడాలి.

2013లోనే వచ్చిన, ఈజీఎఫ్ఆర్‌నే పట్టుకునే క్యాన్సర్ మందు అఫాటినిబ్‌లో ఇంకో ఉపాయం ఉంది. ఎక్రిలమైడ్ బీటా కార్బన్‌కి ఒక కార్బన్, దాని చివర డైమీథైల్ ఎమైన్. మామూలు లెక్కలో ఇది క్రోటొనేట్ తరహా, మందగించాలి. కానీ శరీరంలోని పీహెచ్ దగ్గర ఆ ఎమైన్ ప్రోటాన్‌ని తెచ్చుకుని ధనావేశంతో ఉంటుంది, పక్కనుంచి ద్విబంధాన్ని లాగుతుంది. ప్రోటాన్ లేని రూపంలో అయితే థయోల్ నుంచి హైడ్రోజన్ అందుకునే చేయి పక్కనే సిద్ధంగా ఉన్నట్టు. రెండు పాత్రలూ తనే వేస్తుంది. పైగా ఎంజైము జేబులో 797వ సిస్టీన్ ఎదురుగా ఆ ద్విబంధం నిలబడేలా మిగతా అణువు సర్దుకుని కూర్చుంటుంది. సీసాలో గ్లూటథయోన్‌తో వచ్చిన వేగాల వరస ఆ జేబులో కూడా అలాగే ఉంటుందన్న హామీ ఏమీ లేదు. అందుకే రెండు పరీక్షలూ చేస్తారు, రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుంటారు.